ఫిగర్ స్కేటింగ్ టీమ్ ఈవెంట్: 69-68.. ఆ ఒక్క పాయింట్ ఎక్కడి నుంచి వచ్చింది? పతకాల లెక్క ముందే వేయడం ఎలా?

2026 ఫిబ్రవరి 8, మిలాన్. వింటర్ ఒలింపిక్స్ ఫిగర్ స్కేటింగ్ టీమ్ ఈవెంట్‌లో ఒక్క పోటీ మాత్రమే మిగిలి ఉంది. అమెరికా 59, జపాన్ 59. పురుషుల ఫ్రీ స్కేట్‌లో ఎవరు ముందుంటే గోల్డ్ వాళ్లదే. ఇలియా మాలినిన్ 200.03 స్కోర్‌తో ఫస్ట్ వచ్చాడు, జపాన్ స్కేటర్ షున్ సాటో 194.86తో సెకండ్. ఫైనల్ లెక్క 69-68. గోల్డ్ అమెరికాకు, సిల్వర్ జపాన్‌కు, 60 పాయింట్లతో బ్రాంజ్ ఆతిథ్య ఇటలీకి.

ఈ వీడియో చూసిన ఎవరైనా మాలినినే గెలిపించాడు అంటారు. తప్పేం లేదు, చివరి దెబ్బ అతనిదే. కానీ స్కోర్ షీట్ తీసి చూస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. పురుషుల విభాగంలో అమెరికాకు వచ్చింది 19 పాయింట్లు. జపాన్‌కు వచ్చిందీ 19 పాయింట్లే! అంటే అక్కడ ఇద్దరూ సమానం. మరి ఆ ఒక్క పాయింట్ తేడా ఎక్కడి నుంచి వచ్చింది? దీనికి ఆన్సర్ తెలిస్తే టీమ్ ఈవెంట్‌లో ఏ దేశానికి ఏ పతకం వస్తుందో ముందే అంచనా వేయడం కూడా సగం వచ్చేసినట్టే.

అసలు పాయింట్లు ఎలా ఇస్తారు?

టీమ్ ఈవెంట్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 2014 సోచీ గేమ్స్‌లో. పది దేశాలకు ఛాన్స్. నాలుగు విభాగాలు ఉంటాయి.. పురుషుల సింగిల్స్, మహిళల సింగిల్స్, పెయిర్స్, ఐస్ డ్యాన్స్. చివరి రెండింటిలోనూ ఒక అమ్మాయి, ఒక అబ్బాయి కలిసే చేస్తారు. తేడా ఏంటంటే పెయిర్స్‌లో అమ్మాయిని తలపైకి ఎత్తి మోయడాలు, గాల్లోకి విసరడాలు, ఇద్దరూ కలిసి కొట్టే పెద్ద జంప్‌లు ఉంటాయి. డ్యాన్స్‌లో అవేవీ ఉండవు. అక్కడంతా అడుగుల పని, లయ, ఇద్దరి మధ్య దూరం.

మొదట పది దేశాలూ నాలుగు విభాగాల్లో షార్ట్ ప్రోగ్రామ్ చేస్తాయి. డ్యాన్స్‌లో దీన్నే రిథమ్ డ్యాన్స్ అంటారు. ఫస్ట్ వస్తే 10 పాయింట్లు, సెకండ్‌కు 9, అలా తగ్గుతూ పదో స్థానానికి 1. నాలుగూ అయ్యాక టాప్ 5 దేశాలే ఫ్రీ స్కేట్‌కు వెళ్తాయి. అక్కడ ఐదుగురే ఉంటారు కాబట్టి పాయింట్లు 10 నుంచి 6 దాకా. మొత్తం ఎనిమిది పోటీలు, గరిష్ఠంగా 80 పాయింట్లు.

ఇక్కడే అసలు కిటుకు. జడ్జిలు ఇచ్చిన స్కోర్‌ను కూడరు. ర్యాంక్ మాత్రమే లెక్క. ఐపీఎల్‌లో 5 పరుగులతో గెలిచినా, 100 పరుగులతో గెలిచినా రెండు పాయింట్లే కదా.. అలాంటిదే. 

మిలాన్‌లోనే చూడండి. పురుషుల షార్ట్‌లో జపాన్ స్కేటర్ యుమా కగియామాకు 108.67 వస్తే, మాలినిన్‌కు 98.00 వచ్చింది. పది పాయింట్లకు పైగా తేడా. దానికి అమెరికా పోగొట్టుకున్నది ఒక్క పాయింట్. ఫ్రీలో మాలినిన్ ఐదు పాయింట్ల తేడాతో గెలిచాడు. లాభం అదే ఒక్క పాయింట్. ప్రపంచంలో మరెవరూ చేయలేని జంప్‌లు చేసే స్కేటర్ మీ టీమ్‌లో ఉన్నా సరే, అతను తెచ్చేది 10. రెండో స్థానంలో వచ్చిన మామూలు స్కేటర్ తెచ్చేది 9.

జపాన్ ఓడింది ఎక్కడంటే..

విభాగాల వారీగా మిలాన్ లెక్క ఇదీ. పురుషుల్లో అమెరికా 19, జపాన్ 19. మహిళల్లో అమెరికా 17, జపాన్ 20. షార్ట్, ఫ్రీ రెండింటిలోనూ కవోరి సకమోటోనే ఫస్ట్. అమెరికా తరఫున షార్ట్‌లో అలీసా లియు సెకండ్, ఫ్రీలో అంబర్ గ్లెన్ థర్డ్. పెయిర్స్‌లో అమెరికా 13, జపాన్ 20. రికు మియురా, ర్యుయిచి కిహారా జంట రెండుసార్లూ టాప్.

ఇంతవరకు కూడితే జపాన్ 59, అమెరికా 49. పది పాయింట్ల లీడ్! ఇక మిగిలింది ఐస్ డ్యాన్స్. అమెరికా జంట మాడిసన్ చాక్, ఇవాన్ బేట్స్ రెండుసార్లూ ఫస్ట్ వచ్చి 20 తెచ్చారు. జపాన్ జంట ఉతానా యోషిదా, మసాయా మోరిటా రిథమ్ డ్యాన్స్‌లో ఎనిమిదో స్థానం, ఫ్రీ డ్యాన్స్‌లో ఐదో స్థానం. అంటే 3 ప్లస్ 6, మొత్తం 9 పాయింట్లు. తేడా 11. పది పాయింట్ల లీడ్ పోయి, ఒక పాయింట్ వెనకబడింది. రిథమ్ డ్యాన్స్‌లో ఆ జంట ఆరో స్థానంలో వచ్చి ఉంటే గోల్డ్ జపాన్‌దే.

అలాగని ఆ ఇద్దరినీ అనడానికి లేదు. టాప్ జంటలతో వాళ్లకున్న తేడా ఒక్క సీజన్‌లో పూడేది కాదు, అది వాళ్ల కంటే ముందు జపాన్ డ్యాన్స్ వ్యవస్థకే తెలుసు. ఇంకో సంగతి ఏంటంటే, ఇది మొదటిసారి కూడా కాదు.

2022 బీజింగ్ తీసుకోండి. అక్కడ అమెరికా 65, జపాన్ 63. పురుషుల్లో జపాన్ 19, అమెరికా 18. మహిళల్లో 18, 13. పెయిర్స్‌లో 16, 14. మూడింటిలోనూ జపానే ముందు! డ్యాన్స్‌లో మాత్రం అమెరికా 20, జపాన్ 10. రెండు పాయింట్లతో అమెరికా పైకి వెళ్లింది. వరుసగా రెండు ఒలింపిక్స్‌లో, మూడు విభాగాల్లో ఎదుటి టీమ్ కంటే ముందో, సమానంగానో ఉండి, ఒక్క విభాగంతో వెనకబడటం అంటే మాటలు కాదు.

కిహారా కథ ఒకసారి చూడాలి

వీక్‌గా ఉన్న విభాగం బాగుపడితే ఏమవుతుందో చెప్పడానికి కూడా జపానే ఉదాహరణ. 2014లో జపాన్ మొత్తం 51 పాయింట్లతో ఐదో స్థానం. 2018లో 50 పాయింట్లు, మళ్లీ ఐదే. యుజురు హన్యూ, షోమా యునో లాంటి వాళ్లు ఉన్న దేశమే ఇది. 2014 పురుషుల షార్ట్‌లో హన్యూ ఫస్ట్, 2018లో యునో ఫస్ట్. అయినా పతకం దరిదాపుల్లోకి కూడా రాలేదు.

కారణం పెయిర్స్, డ్యాన్స్. జపాన్‌లో సింగిల్స్ స్కేటర్లకు కొదవ లేదు, పెయిర్స్ వైపు వెళ్లేవాళ్లే తక్కువ. సింగిల్స్ నుంచి పెయిర్స్‌కు మారిన కిహారా 2014లో నరుమి తకహాషితో, 2018లో మియు సుజాకితో ఒలింపిక్స్‌లో దిగాడు. అప్పట్లో పెయిర్స్ అంటే జపాన్‌కు పాయింట్లు పోయే చోటు. తర్వాత రికు మియురాతో జత కట్టాడు. 2022లో టీమ్ ఈవెంట్ పెయిర్స్ నుంచి 16 పాయింట్లు వచ్చాయి, 2026లో పూర్తి 20. జపాన్ మొత్తం స్కోర్ కూడా 50 నుంచి 63కి, అక్కడి నుంచి 68కి పెరిగింది. నాలుగు ఒలింపిక్స్, ముగ్గురు పార్ట్‌నర్లు, ఒకే మనిషి. మిలాన్‌లో టీమ్ ఈవెంట్ తర్వాత ఈ జంట వ్యక్తిగత గోల్డ్ కూడా కొట్టింది.

మరి అంచనా ఎలా వేయాలి?

ఒక పేపర్ తీసుకోండి. ఎనిమిది నిలువు గడులు గీయండి. ప్రతి దేశం నుంచి ఆ పోటీకి ఎవరు దిగుతారో రాసుకుని, ఆ స్కేటర్ ఈ సీజన్‌లో తెచ్చిన స్కోర్లు పక్కన వేయండి. ఇక్కడ చాలామంది సీజన్ బెస్ట్ స్కోర్ ఒక్కటే తీసుకుంటారు. ఏడాదిలో ఒక్కరోజు అద్భుతంగా చేసినవాడు ప్రతిరోజూ అలాగే చేస్తాడని దాని అర్థం. చివరి మూడు నాలుగు పోటీల సగటు తీసుకుంటే నయం. స్కోర్ల ప్రకారం ర్యాంకులు వేసి, ర్యాంకులను పాయింట్లుగా మార్చి, అడ్డంగా కూడితే చాలు.

ఇందులో ఏ గడిని ఎంత నమ్మాలి అన్నది వేరే విషయం. డ్యాన్స్ గడిని బాగా నమ్మొచ్చు. జంప్‌లు లేవు, పడిపోవడాలు అరుదు, జడ్జిల దృష్టిలో జంటల వరుస సీజన్ అంతా పెద్దగా మారదు. పురుషుల గడిని అంతగా నమ్మలేం. క్వాడ్ అంటే గాల్లో నాలుగు చుట్లు తిరిగే జంప్. క్వాడ్ లట్జ్ బేస్ వాల్యూ 11.5. అది పూర్తిగా తిరిగి కూడా కింద పడితే క్వాలిటీ మార్కు మైనస్ 5కి పడి, సగం విలువ పోతుంది. పడినందుకు ఇంకో పాయింట్ కట్. అంటే ఒక్క జంప్‌తో ఏడు పాయింట్ల దాకా గోవిందా. షార్ట్‌లో తప్పు చేస్తే సర్దుకునే టైమ్ కూడా ఉండదు.

2018 ప్యాంగ్‌చాంగ్‌లో మొదటి పోటీయే పురుషుల షార్ట్. అమెరికా ఆశలన్నీ నేథన్ చెన్ మీద. అతను తప్పులు చేసి నాలుగో స్థానంలో ఆగాడు. రష్యా స్కేటర్ మిఖాయిల్ కొల్యాడా అయితే ఎనిమిదో స్థానం, 3 పాయింట్లు. సెకండ్ వచ్చింది ఎవరో తెలుసా? ఇజ్రాయెల్ స్కేటర్ అలెక్సీ బిచెంకో. ఏ అంచనా పేపర్ మీదా ఆ వరుస ఉండి ఉండదు. ఆ టీమ్ ఈవెంట్‌లో చివరకు కెనడా 73, రష్యా అథ్లెట్ల టీమ్ 66, అమెరికా 62.

ఇంకో మాట. తప్పు ఎవరు చేశారన్న దానికంటే ఏ స్థానంలో ఉన్నవాళ్లు చేశారన్నది ముఖ్యం. టాప్ స్కేటర్‌కు, వెనకాల వాళ్లకు మధ్య బోలెడు గ్యాప్ ఉంటుంది, ఒకసారి పడినా ఫస్ట్ నుంచి సెకండ్‌కే దిగుతాడు. నాలుగు నుంచి ఎనిమిది స్థానాల మధ్య మాత్రం అందరూ ఇరుకిరుకుగా ఉంటారు. అక్కడ ఒక్కసారి తడబడితే మూడు ర్యాంకులు, అంటే మూడు పాయింట్లు పోతాయి. మిలాన్‌లో అమెరికా జంట ఎలీ కామ్, డానీ ఓ'షే పెయిర్స్ ఫ్రీలో నాలుగో స్థానం కాపాడుకుని 7 పాయింట్లు తెచ్చారు. ఐదో స్థానానికి జారి ఉంటే, చివరి పోటీకి ముందే అమెరికా ఒక పాయింట్ వెనక ఉండేది. ఈ జంట పేరు హైలైట్స్‌లో ఎంతమంది గమనించారో!

టాప్ 5లో ఎవరు ఉండరు అన్నది కూడా ముందే చూసుకోవాలి. మిలాన్‌లో ఫ్రాన్స్ జంట లారెన్స్ ఫోర్నియే బోద్రీ, గియోమ్ సిజెరో రిథమ్ డ్యాన్స్‌లో సెకండ్ వచ్చారు. తర్వాత వ్యక్తిగత గోల్డ్ కూడా వాళ్లదే. కానీ ఫ్రాన్స్ టీమ్ ఫ్రీ దాకా వెళ్లనేలేదు. అమెరికా, జపాన్, ఇటలీ, జార్జియా, కెనడా వెళ్లాయి. మన దేశం సంగతి అంటారా? ఇంతవరకు ఈ టీమ్ ఈవెంట్‌లో భారత్ లేదు. కనీసం మూడు విభాగాల్లో ఒలింపిక్స్ స్థాయి స్కేటర్లు ఉంటేనే లిస్టులో పేరు చూస్తారు.

60 దాటితే పతకం!

నాలుగు ఒలింపిక్స్ స్కోర్లు పక్కపక్కన పెడితే ఒక అంకె బయటపడుతుంది. ఐస్ మీద పోటీ ముగిసిన రోజున మూడో స్థానంలో ఉన్న టీమ్ స్కోర్లు వరుసగా 60, 62, 63, 60. నాలుగో స్థానం స్కోర్లు 52, 56, 53, 56. అంటే 60 చేరిన టీమ్‌కు పతకం, 56 దగ్గర ఆగిన టీమ్‌కు నిరాశ. మధ్యలో నాలుగు పాయింట్ల ఖాళీ. 60ని ఎనిమిదితో భాగిస్తే 7.5. ప్రతి పోటీలో మూడు, నాలుగు స్థానాల మధ్య నిలకడగా ఉంటే చాలు, ఒక్కదానిలోనూ ఫస్ట్ రాకపోయినా బ్రాంజ్ అందుతుంది. ఇటలీ 2014లో, 2018లో నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. సొంతగడ్డ మీద సరిగ్గా 60 కొట్టింది.

గోల్డ్ లెక్క వేరు. సోచీలో రష్యా 75, ప్యాంగ్‌చాంగ్‌లో కెనడా 73, బీజింగ్‌లో రష్యా టీమ్ మొదట 74. మిలాన్‌లో 69 చాలింది. రష్యా టీమ్‌కు అనుమతి లేకపోవడంతో పాయింట్లు ఎక్కువ దేశాల మధ్య చీలాయి. ఇదే పరిస్థితి ఉంటే ఇకపైనా 70 దగ్గర్లోనే గోల్డ్ తేలొచ్చన్నది మా అంచనా.

పేపర్ మీద దొరకనిది

బీజింగ్ గురించి చెప్పకుండా ఈ లెక్క పూర్తి కాదు. 2022 ఫిబ్రవరి 7న టీమ్ ఈవెంట్ ముగిసింది. రష్యా ఒలింపిక్ కమిటీ టీమ్ 74, అమెరికా 65, జపాన్ 63, కెనడా 53. రష్యా తరఫున 15 ఏళ్ల కమిలా వలియెవా మహిళల షార్ట్, ఫ్రీ రెండూ గెలిచింది. షార్ట్‌లో ఆమెకు 90.18, సెకండ్ వచ్చిన వకాబా హిగూచికి 74.73. ఒలింపిక్స్‌లో క్వాడ్ చేసిన మొదటి మహిళ కూడా వలియెవానే.

ఆ వెంటనే బాంబు పేలింది. 2021 డిసెంబర్ 25న తీసుకున్న ఆమె శాంపిల్‌లో ట్రైమెటాజిడిన్ అనే నిషేధిత గుండె మందు దొరికిందని బయటపడింది. మెడల్స్ ఫంక్షన్ ఆపేశారు. స్కేటర్లంతా పతకం మెడలో పడకుండానే ఇళ్లకు వెళ్లారు. 2024 జనవరి 29న స్పోర్ట్స్ ఆర్బిట్రేషన్ కోర్టు ఆమెపై నాలుగేళ్ల నిషేధం విధించింది, ఆ డిసెంబర్ నుంచి ఫలితాలన్నీ రద్దు చేసింది. మర్నాడే ఇంటర్నేషనల్ స్కేటింగ్ యూనియన్ కొత్త వరుస ప్రకటించింది. అమెరికా గోల్డ్, జపాన్ సిల్వర్, రష్యా బ్రాంజ్.

రష్యాకు బ్రాంజ్ ఎలా? 74 నుంచి వలియెవా తెచ్చిన 20 తీసేస్తే 54. కెనడాకు ఉన్నది 53. ఒక్క పాయింట్!

ఇక్కడే కెనడా అడ్డం తిరిగింది. కెనడా స్కేటర్ మడలీన్ షిజాస్ షార్ట్‌లో థర్డ్, ఫ్రీలోనూ థర్డ్. ముందున్న వలియెవాను తీసేస్తే ఆమె రెండుసార్లూ సెకండ్ కావాలి కదా, అప్పుడు రెండు పాయింట్లు కలిసి మాకు 55 అవుతాయి, బ్రాంజ్ మాదే అని వాదించింది. ఒక స్కేటర్‌ను అనర్హులుగా ప్రకటిస్తే వెనకున్నవాళ్లు ఒక మెట్టు పైకి జరగడం అన్నది స్కేటింగ్ రూల్ బుక్‌లో ఉన్న మాటే. కానీ టీమ్ ఈవెంట్ పాయింట్లకు అది వర్తించదని ఫెడరేషన్ అంది. కోర్టు కూడా కెనడా అప్పీల్‌ను కొట్టేసింది. చూసేవాళ్లకు కెనడా వాదనే సబబుగా అనిపిస్తుంది.. పోటీలో లేనట్టే లెక్క అన్నాక, ఆమె నిలబడిన స్థానం మాత్రం ఖాళీగా ఎందుకు ఉండాలి?

2024 ఆగస్టు 7న పారిస్ సమ్మర్ ఒలింపిక్స్ జరుగుతుండగా, ఈఫిల్ టవర్ దగ్గర అమెరికా, జపాన్ స్కేటర్లకు ఆ పతకాలు ఇచ్చారు. గెలిచిన రోజుకు, మెడలో పడిన రోజుకు మధ్య సరిగ్గా రెండున్నరేళ్లు.

ఇంకో రూల్ కూడా ఈ లెక్కలను మార్చింది. సోచీలో టీమ్ ఈవెంట్ మహిళల ఫ్రీ గెలిచిన యూలియా లిప్నిట్‌స్కాయాకు 15 ఏళ్లు. ప్యాంగ్‌చాంగ్‌లో గెలిచిన అలీనా జగిటోవాకు 15. బీజింగ్‌లో వలియెవాకు 15. వలియెవా ఉదంతం తర్వాత 2022 జూన్‌లో సీనియర్ స్థాయికి కనీస వయసును దశలవారీగా 17కు పెంచారు. మిలాన్‌లో అదే పోటీ గెలిచిన సకమోటోకు 25. రాత్రికి రాత్రి పుట్టుకొచ్చే టీనేజ్ సంచలనాలు తగ్గాయి కాబట్టి మహిళల గడిని ఇప్పుడు కొంచెం ఎక్కువ నమ్మొచ్చు.

స్టార్‌ను రెండుసార్లు దింపాలా?

షార్ట్‌కు, ఫ్రీకి మధ్య రెండు విభాగాల్లో స్కేటర్లను మార్చుకోవచ్చు. టీమ్ ఈవెంట్ తర్వాతే వ్యక్తిగత పోటీలు ఉంటాయి కాబట్టి కోచ్‌లు స్టార్‌లకు రెస్ట్ ఇవ్వాలని చూస్తారు. సోచీలో 31 ఏళ్ల యెవ్‌గెనీ ప్లుషెంకో రెండూ చేశాడు, రష్యాకు గోల్డ్ వచ్చింది. వ్యక్తిగత షార్ట్‌కు ముందు వార్మప్‌లోనే నడుము నొప్పితో తప్పుకున్నాడు. మిలాన్‌లో మాలినిన్ కూడా రెండూ చేశాడు. తర్వాత వ్యక్తిగత షార్ట్‌లో టాప్‌లో ఉండి, ఫ్రీలో పడిపోయి ఎనిమిదో స్థానానికి దిగాడు. గోల్డ్ కజకిస్థాన్ స్కేటర్ మిఖాయిల్ షైదరోవ్‌కు వెళ్లింది. అలసటే కారణమని తేల్చేయలేం. ఎందుకంటే మియురా, కిహారా కూడా టీమ్‌లో రెండూ చేసి, తర్వాత గోల్డ్ గెలిచారు. అంచనా వేసేవాళ్లకు మాత్రం చివరి నిమిషం ఎంట్రీ లిస్ట్ చూడకుండా ఫ్రీ గడులు నింపొద్దనే చెప్పాలి.

జపాన్‌లో జరిగే వరల్డ్ టీమ్ ట్రోఫీకి ఇదే పేపర్ పట్టుకెళ్తే దెబ్బతింటారు. అక్కడ ఆరు దేశాలే. సింగిల్స్‌లో ప్రతి దేశం నుంచి ఇద్దరు పురుషులు, ఇద్దరు మహిళలు. పెయిర్స్, డ్యాన్స్‌లో ఒక్కో జంట. సింగిల్స్ బరువు పెరుగుతుంది కాబట్టి బలాబలాలు మారిపోతాయి. 2023లో మొదటిసారి ఆడిన దక్షిణ కొరియా ఏకంగా సిల్వర్ కొట్టింది.

తర్వాతి వింటర్ ఒలింపిక్స్ 2030లో ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో. 2025-26 సీజన్‌తో రిటైర్ అవుతానని సకమోటో ముందే చెప్పేసింది, కాబట్టి జపాన్ మహిళల గడిలో 20 అని కళ్లు మూసుకుని రాసే రోజులు పోయాయి. పెయిర్స్‌లో కిహారా తర్వాత ఎవరన్నది ఇంకో ప్రశ్న. డ్యాన్స్ గడిలో ఇప్పటికి ఉన్నది ఆ 9 పాయింట్లే. ప్రతి ఏడాది అక్టోబర్‌లో గ్రాండ్ ప్రి సిరీస్ మొదలవుతుంది. జపాన్ డ్యాన్స్ జంట అందులో ఎన్నో స్థానంలో వస్తుందో ముందు చూడండి, మాలినిన్ వీడియో ఆ తర్వాత చూడొచ్చు.